పాడైన లైనక్స్‌లోకి సీహెచ్‌రూట్: చేత్తో మౌంట్లా, ఆర్చ్-సీహెచ్‌రూటా, ఎన్‌స్పానా? ఏది మేలు?

వరంగల్, హన్మకొండ దిక్కు లైనక్స్ వాడేవాళ్ల నుంచి ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తోంది. సిస్టమ్ బూట్ కావట్లేదు, పెన్‌డ్రైవ్‌తో లైవ్ (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే లైనక్స్) లేపారు, డిస్కులో ఉన్న ఉబుంటులోకి సీహెచ్‌రూట్ (లైవ్‌లో ఉంటూనే డిస్కులోని సిస్టమ్ లోపలికి వెళ్లే కమాండు) కొడితే ఎర్రర్ వస్తోంది. ఇప్పుడు చేత్తో ఒక్కొక్కటే మౌంట్ చేసుకుంటూ పోవాలా, ఆర్చ్-సీహెచ్‌రూట్ అనే స్క్రిప్టు వాడాలా, డిస్కులోని సిస్టమ్‌ను కంటెయినర్‌లా, అంటే విడి గదిలా నడిపే సిస్టమ్‌డీ-ఎన్‌స్పాన్ మంచిదా? కారణాలూ ఎక్కువగా అవే ఉంటాయి. ఎండాకాలం కోతల్లో యూపీఎస్ లేని డెస్క్‌టాప్ మీద అప్‌గ్రేడ్ సగంలో కరెంటు పోవడం, విండోస్ అప్‌డేట్ అయ్యాక గ్రబ్ (బూట్‌లోడర్) కనబడకపోవడం, కెర్నల్ ఫైళ్లుండే /బూట్ నిండిపోయి కొత్త కెర్నల్ సగమే ఎక్కడం.

నా మొగ్గు ఆర్చ్-సీహెచ్‌రూట్ వైపు. పేరులో ఆర్చ్ ఉన్నా అది ఉబుంటు, మింట్, ఫెడోరా దేనిమీదైనా పనిచేసే చిన్న షెల్ స్క్రిప్టు. తేలిక కాబట్టి దాన్ని ఎంచుకోమనడం లేదు. గట్టిగా ఎర్రర్ ఇచ్చి ఆగిపోయే తప్పు పెద్ద ప్రమాదం కాదు, సందేశం చూసి దిద్దుకుంటాం. అంతా అయిపోయిందని చెప్పి, రీబూట్ చేస్తే మళ్లీ అదే కెర్నల్ పానిక్ చూపించే తప్పే రాత్రంతా తినేస్తుంది. అలాంటి మౌనపు తప్పులకు ఏ పద్ధతిలో చోటు తక్కువ అన్నదే నా లెక్కలో అసలు కొలత.

అయితే ఏ పద్ధతి పట్టుకున్నా /ఎంఎన్‌టీ (డిస్కును మౌంట్ చేసే ఫోల్డర్) కింద ఉన్నది సరైనది కాకపోతే మూడూ ఒకేలా విఫలమవుతాయి. వచ్చే ప్రశ్నల్లో చాలావాటికి జవాబు ఇక్కడే దొరుకుతుంది కాబట్టి ముందు దీని సంగతి చూద్దాం.

"ఫెయిల్డ్ టు రన్ కమాండ్ /బిన్/బాష్: నో సచ్ ఫైల్ ఆర్ డైరెక్టరీ" అని వస్తే మొదలు ఎల్‌ఎస్ /ఎంఎన్‌టీ కొట్టి చూడండి. ఈటీసీ, యూఎస్‌ఆర్, వార్ కనబడాలి. వీఎంలైనజ్ (కెర్నల్), ఇనిట్‌ఆర్‌డీ (బూట్ మొదట్లో కెర్నల్ వాడే చిన్న ఫైల్‌సిస్టమ్) ఫైళ్లే కనబడితే మీరు మౌంట్ చేసింది రూట్ పార్టిషన్ కాదు, /బూట్. @, @హోమ్ అని రెండే ఫోల్డర్లు కనబడితే అది బీటీఆర్‌ఎఫ్‌ఎస్ (సబ్‌వాల్యూమ్‌లనే భాగాలుండే ఫైల్‌సిస్టమ్) పైమట్టం. ఉబుంటు, మింట్ అయితే అన్‌మౌంట్ చేసి -ఓ సబ్‌వాల్=@ పెట్టి మళ్లీ మౌంట్ చేయాలి. ఫెడోరాలో ఆ సబ్‌వాల్యూమ్ పేరు రూట్. ఎల్‌వీఎం (డిస్కు చోటును కలిపి పంచే పద్ధతి) ఉంటే ముందు వీజీచేంజ్ -ఏవై, మెషీన్‌లో రెయిడ్ (డిస్కుల జట్టు) ఉంటే ఎండీఏడీఎం --అసెంబుల్ --స్కాన్. ఎల్‌ఎస్‌బీఎల్‌కే -ఎఫ్ చూస్తే ఏ పార్టిషన్ మీద ఏ ఫైల్‌సిస్టమ్ ఉందో తేలిపోతుంది.

బాష్ కళ్లెదుట ఉన్నా అదే సందేశం వస్తోందంటే రెండు అనుమానాలు. ఒకటి తేలికది. హాస్టళ్లలో చాలామంది దగ్గర ఉండే పెన్‌డ్రైవ్ కాలీ లైనక్స్‌ది. 2020.4 వెర్షన్ నుంచి దాని డెస్క్‌టాప్ డిఫాల్ట్ షెల్ జెడ్‌షెల్. సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ అని ఊరికే కొడితే లైవ్‌లో ఏ షెల్ నడుస్తోందో దాన్నే లోపల వెతుకుతుంది. ఉబుంటులో జెడ్‌షెల్ వేసుకుని ఉండకపోతే దొరకదు. ఆర్చ్ ఐఎస్‌ఓదీ ఇదే సంగతి. సందేశంలో ఏ షెల్ పేరు రాసి ఉందో చూసి, సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ /బిన్/బాష్ అని పూర్తిగా కొడితే సరి. ఆర్చ్-సీహెచ్‌రూట్ ఎప్పుడూ లోపలి బాష్‌నే అడుగుతుంది, అందుకని దానితో ఈ చిక్కే రాదు.

రెండోది బరువైనది. బాష్‌ను లేపే లోడర్, అంటే /లిబ్64/ఎల్‌డీ-లైనక్స్-ఎక్స్86-64.ఎస్ఓ.2, అక్కడ లేదు. లోడర్ దొరకలేదని కెర్నల్ చెప్పాల్సిన చోట ఆ నింద బాష్ మీదికే వస్తుంది, అందుకే ఉన్న ఫైలును లేదంటోంది. రీడ్‌లింక్ /ఎంఎన్‌టీ/లిబ్64 కొడితే యూఎస్‌ఆర్/లిబ్64 అని రావాలి. లింకు తెగితే ఎల్‌ఎన్ -ఎస్‌తో మళ్లీ వేయండి. లోడరే పోయుంటే డిస్కులోని /వార్/లిబ్/డీపీకేజీ/స్టేటస్‌లో లిబ్‌సీ6 వెర్షన్ చూసుకుని, సరిగ్గా అదే వెర్షన్ డెబ్ ఫైలు తెచ్చి డీపీకేజీ-డెబ్ -ఎక్స్‌తో /టెంప్‌లో విప్పి, కావలసిన ఫైళ్లే కాపీ చేయండి. నేరుగా /ఎంఎన్‌టీ మీద విప్పకండి, లింకులుగా ఉండాల్సిన చోట ఫోల్డర్లు వచ్చి కూర్చుంటే పని రెట్టింపవుతుంది.

"ఎగ్జిక్ ఫార్మాట్ ఎర్రర్" అంటే ఆర్కిటెక్చర్ కుదరలేదు. 64 బిట్ సిస్టమ్‌ను 32 బిట్ లైవ్‌తో తెరవాలని చూడటం, లేదా రాస్‌బెర్రీ పై కార్డును ఇంటెల్ లాప్‌టాప్‌లో పెట్టడం. రెండోదానికి వేరే ఆర్కిటెక్చర్ ప్రోగ్రామ్‌లను నడిపే క్యూఈఎంయూ-యూజర్-స్టాటిక్ కావాలి. "పర్మిషన్ డినైడ్" వస్తే ఆ పార్టిషన్ నోఎగ్జిక్ ఆప్షన్‌తో మౌంట్ అయి ఉండొచ్చు, లేదా ఎవరో సీహెచ్‌మోడ్ -ఆర్ 644 కొట్టి ఎగ్జిక్యూట్ బిట్ తీసేసి ఉండొచ్చు. ఫైల్ మేనేజర్‌లో డిస్కు మీద క్లిక్ చేసి /మీడియా కింద వచ్చినదాన్ని వాడకండి. అన్‌మౌంట్ చేసి చేత్తో /ఎంఎన్‌టీకి మౌంట్ చేయండి.

కరెంటు పోయిన సిస్టమ్‌లలో ఇంకో వింత కనబడుతుంది. సీహెచ్‌రూట్ కొడితే ఏ ఎర్రరూ లేకుండా వెంటనే లైవ్ ప్రాంప్టే తిరిగి వస్తుంది. అప్పుడు ఎల్‌ఎస్ -ఎల్ /ఎంఎన్‌టీ/యూఎస్‌ఆర్/బిన్/బాష్ కొట్టి సైజు చూడండి. సున్నా బైట్లు ఉంటే సరిగ్గా ఆ ఫైలు రాస్తుండగానే కరెంటు పోయిందన్నమాట. ఖాళీ బాష్‌ను లోపలి ఎస్‌హెచ్ ఒక ఖాళీ స్క్రిప్టుగా నడిపి, చేయాల్సిందేమీ లేక ముగించేస్తోంది. సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ /బిన్/డాష్ అని వెళ్లి ఏపీటీ ఇన్‌స్టాల్ --రీఇన్‌స్టాల్ బాష్ చేస్తే దారికొస్తుంది. దీనికీ కింద చెప్పే మౌంట్లు ఉండాలి. అలాంటి డిస్కును మౌంట్ చేసే ముందే ఎఫ్‌ఎస్‌సీకే (ఫైల్‌సిస్టమ్ తప్పులు సరిచూసే కమాండు) నడిపి ఉండటం మంచిది.

చేత్తో మౌంట్లు

దీనికి ఏదీ ఇన్‌స్టాల్ చేయక్కర్లేదు, నెట్ అక్కర్లేదు, ఏ లైవ్‌లోనైనా పనిచేస్తుంది. సుడో -ఐ చేసుకుని, రూట్ పార్టిషన్ /ఎంఎన్‌టీకి మౌంట్ అయ్యాక:

మౌంట్ -టీ ప్రాక్ ప్రాక్ /ఎంఎన్‌టీ/ప్రాక్
మౌంట్ --ఆర్‌బైండ్ /సిస్ /ఎంఎన్‌టీ/సిస్
మౌంట్ --మేక్-ఆర్‌స్లేవ్ /ఎంఎన్‌టీ/సిస్
మౌంట్ --ఆర్‌బైండ్ /డెవ్ /ఎంఎన్‌టీ/డెవ్
మౌంట్ --మేక్-ఆర్‌స్లేవ్ /ఎంఎన్‌టీ/డెవ్
మౌంట్ --ఆర్‌బైండ్ /రన్ /ఎంఎన్‌టీ/రన్
మౌంట్ --మేక్-ఆర్‌స్లేవ్ /ఎంఎన్‌టీ/రన్
సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ /బిన్/బాష్

చాలాచోట్ల వట్టి --బైండ్ అని రాసి ఉంటుంది. తేడా చిన్నది కాదు. --బైండ్ ఆ ఒక్క మౌంటునే తెస్తుంది, దాని కింద వేలాడే వేరే మౌంట్లను తేదు. /డెవ్/పీటీఎస్ అలాంటిదే, అది రాకపోతే ఏపీటీ "ఈజ్ /డెవ్/పీటీఎస్ మౌంటెడ్?" అని అడుగుతుంది. /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ/ఈఎఫ్‌ఐవార్స్ కూడా అలాంటిదే, అది లేకపోతే గ్రబ్-ఇన్‌స్టాల్ బూట్ మెనూలో పేరు రాయించలేక "ఈఎఫ్‌ఐ వేరియబుల్స్ ఆర్ నాట్ సపోర్టెడ్" అంటుంది. /రన్ వదిలేస్తే ఎల్‌వీఎం ఉన్న మెషీన్‌లో గ్రబ్ కాన్ఫిగ్ రాస్తున్నప్పుడు యూడెవ్ డేటాబేస్ కోసం ఒక్కో డివైస్ దగ్గర 10 సెకన్లు ఆగి ఆగి నడుస్తుంది. వేలాడిపోయిందనుకుని చాలామంది మధ్యలో కంట్రోల్-సీ కొట్టేస్తారు.

ఆర్‌స్లేవ్ లైన్లు ఎందుకంటే, సిస్టమ్‌డీ ఉన్న లైవ్‌లో మౌంట్లన్నీ షేర్డ్‌గా, అంటే ఒకచోట తీస్తే మరోచోటా పోయేలా ఉంటాయి. ఆ లైన్లు లేకుండా చివర్లో యూమౌంట్ -ఆర్ చేస్తే ఆ దెబ్బ లైవ్ సిస్టమ్ సొంత /డెవ్/పీటీఎస్ దాకా పోతుంది. కొత్త టెర్మినల్ కూడా తెరుచుకోదు.

నెట్ సంగతి వేరు. ఫోన్ యూఎస్‌బీ టెథరింగ్ లైవ్‌లో పనిచేస్తుంటే లోపల కూడా పనిచేస్తుంది, కెర్నల్ ఒకటే కదా. పని చేయనిది పేర్ల వెతుకులాట. ఉబుంటులో /ఈటీసీ/రిజాల్వ్.కాన్ఫ్ అసలు ఫైలు కాదు, /రన్ లోపలికి చూపించే లింకు. /రన్ తేకపోతే ఆ లింకు గాల్లో ఉంటుంది, దాని మీదికి సీపీ చేయబోతే "నాట్ రైటింగ్ త్రూ డాంగ్లింగ్ సిమ్‌లింక్" అని వస్తుంది. లింకు పీకేయకండి. ఉబుంటు లైవ్ అయితే /రన్ మౌంట్ చేస్తే చాలు.

ఈ పద్ధతి బలహీనత మన మతిమరుపే. /డెవ్ లైను మరచిపోయారనుకోండి. లోపల ఏదో స్క్రిప్టు /డెవ్/నల్‌లోకి రాస్తుంది, అక్కడ ఆ పేరుతో మామూలు ఫైలు పుట్టి రాసిందంతా అందులో చేరుతూ పోతుంది. ఎవరూ ఏమీ అనరు. పని అయ్యాక బయటికొచ్చి యూమౌంట్ చేయబోతే "టార్గెట్ ఈజ్ బిజీ". లోపల పుట్టిన జీపీజీ-ఏజెంట్ లాంటిదొకటి ఇంకా బతికే ఉంటుంది. ఫ్యూజర్ -వీఎం /ఎంఎన్‌టీ కొట్టి దాన్ని వెతికి చంపాలి.

ఆర్చ్-సీహెచ్‌రూట్

ఉబుంటు లైవ్‌లో ఏపీటీ ఇన్‌స్టాల్ ఆర్చ్-ఇన్‌స్టాల్-స్క్రిప్ట్స్ అంటే వస్తుంది, ఫెడోరాలోనూ అదే పేరు. సిస్టమ్‌రెస్క్యూ పెన్‌డ్రైవ్ అయితే ముందే ఉంటుంది. తర్వాత ఒకటే లైను: ఆర్చ్-సీహెచ్‌రూట్ /ఎంఎన్‌టీ.

ప్రాక్, సిస్, డెవ్, పీటీఎస్, రన్ అన్నీ అదే పెడుతుంది. లైవ్ యూఈఎఫ్‌ఐలో (పాత బయాస్ స్థానంలో వచ్చిన ఫర్మ్‌వేర్ పద్ధతిలో) లేచి ఉంటే ఈఎఫ్‌ఐవార్స్ కూడా తెస్తుంది. రిజాల్వ్.కాన్ఫ్ సంగతి అదే చూసుకుంటుంది. /ఎంఎన్‌టీ మీద అసలేదీ మౌంట్ కాలేదంటే "నాట్ ఎ మౌంట్‌పాయింట్" అని ముందే హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికను కొట్టిపారేయకండి, మౌంట్ చేశామనుకుని చేయని సందర్భాలను పట్టిచ్చేది అదే. లోపలి ప్రాసెస్‌లన్నిటినీ వేరే పీఐడీ నేమ్‌స్పేస్‌లో, అంటే విడి గుంపుగా నడుపుతుంది కాబట్టి ఎగ్జిట్ కొట్టగానే జీపీజీ-ఏజెంట్‌తో సహా అన్నీ పోతాయి, తాను పెట్టిన మౌంట్లను తానే తీసేస్తుంది. రాత్రి 2 గంటలకు నిద్రమత్తులో కొట్టినా ఏ మెట్టూ జారదు. నా దృష్టిలో దీని విలువంతా ఇందులోనే ఉంది.

చేయనివీ ఉన్నాయి. లక్స్ (డిస్కు ఎన్‌క్రిప్షన్) తాళం తీయదు, ఎల్‌వీఎం లేపదు, సబ్‌వాల్యూమ్ ఎంచదు. ముఖ్యంగా /బూట్, /బూట్/ఈఎఫ్‌ఐలను మౌంట్ చేయదు.

అసలు దెబ్బ తగిలేది /బూట్ దగ్గర

ఎన్‌క్రిప్షన్‌తో వేసిన ఉబుంటులో /బూట్ వేరే పార్టిషన్‌గా ఉంటుంది. దాన్ని మౌంట్ చేయకుండా లోపలికి వెళ్లి లైనక్స్-ఇమేజ్ ప్యాకేజీని రీఇన్‌స్టాల్ చేశారనుకోండి. డీపీకేజీకి ఏ అభ్యంతరమూ లేదు. రూట్ పార్టిషన్ మీద ఖాళీగా ఉన్న బూట్ అనే ఫోల్డర్‌లో కొత్త కెర్నల్, కొత్త ఇనిట్‌ఆర్‌డీ నీట్‌గా చేరతాయి. స్క్రీన్ మీద ఎర్రర్ ఒక్కటీ ఉండదు. గ్రబ్ చదివేది అసలు /బూట్ పార్టిషన్‌ను. అక్కడ పాత సగం కెర్నలే ఉంది. రీబూట్ చేస్తే "అన్‌ఏబుల్ టు మౌంట్ రూట్ ఎఫ్‌ఎస్ ఆన్ అన్‌నోన్-బ్లాక్(0,0)" అని అదే పానిక్. ఎన్‌క్రిప్షన్ లేని మెషీన్‌లో /బూట్ వేరుగా ఉండి, ఇదే స్థితిలో గ్రబ్-ఇన్‌స్టాల్ కూడా కొడితే ఇంకా చిక్కు. గ్రబ్ ఆ దొంగ ఫోల్డర్‌ను చూడటం మొదలుపెడుతుంది, ఇవాళ్టికి బూట్ అవుతుంది, తర్వాత వచ్చే కెర్నల్ అప్‌డేట్లు మాత్రం గ్రబ్ కంటికి కనబడవు.

అందుకని ఏ దారిలో వెళ్లినా లోపలికి అడుగు పెట్టగానే మౌంట్ -ఏ కొట్టండి. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (ఏది ఎక్కడ మౌంట్ కావాలో రాసి ఉండే ఫైలులో) ఉన్నవన్నీ వాటి చోట్లకు వస్తాయి. తర్వాత ఫైండ్‌ఎంఎన్‌టీ /బూట్, ఫైండ్‌ఎంఎన్‌టీ /బూట్/ఈఎఫ్‌ఐ. ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో లైను ఉండి ఇక్కడ జవాబు ఖాళీగా వస్తే ముందుకు పోవద్దు. డీఎఫ్ -హెచ్ /బూట్ కూడా చూడండి, 100 శాతం నిండి ఉంటే మొదలు పాత కెర్నల్ ఒకటి తీసేయాలి.

ముందు ప్రయత్నంలో పొరపాటున దొంగ ఫోల్డర్ నిండిపోయిందేమో చూడాలంటే వట్టి --బైండ్ ఇక్కడ పనికొస్తుంది. మౌంట్ --బైండ్ / /మీడియా అని పెట్టి ఎల్‌ఎస్ /మీడియా/బూట్ చూడండి. కింది మౌంట్లను తేదు కాబట్టి రూట్ పార్టిషన్ మీద నిజంగా ఏముందో బయటపడుతుంది. అక్కడున్న కెర్నల్ ఫైళ్లు తీసేసి యూమౌంట్ /మీడియా చేయండి.

లక్స్ దగ్గరా ఇలాంటి మౌనమే ఉంది. లైవ్‌లో క్రిప్ట్‌సెటప్ ఓపెన్ కొట్టేటప్పుడు ఇష్టమొచ్చిన పేరు ఇస్తే డిస్కు తెరుచుకుంటుంది. కానీ తాళం వేసిన డిస్కుల పేర్లుండే /ఈటీసీ/క్రిప్ట్‌ట్యాబ్‌లో ఎస్‌డీఏ3_క్రిప్ట్ అని ఉండి మీరు వేరే పేరుతో తెరిచి ఉంటే, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ "టార్గెట్ నాట్ ఫౌండ్ ఇన్ క్రిప్ట్‌ట్యాబ్" అని ఒక్క హెచ్చరిక లైను వేసి పని ముగిస్తుంది. కొత్త ఇనిట్‌ఆర్‌డీకి తాళం తీయడం తెలియదు. ఏ లైవ్‌లోనైనా ముందు ఆ డిస్కు తెరిచి క్రిప్ట్‌ట్యాబ్ చదివి, మూసి, అదే పేరుతో మళ్లీ తెరవండి.

ఎన్‌స్పాన్

సిస్టమ్‌డీ-ఎన్‌స్పాన్ -డీ /ఎంఎన్‌టీ అంటే వెళ్లిపోతుంది. ఉబుంటు, డెబియన్‌లో సిస్టమ్‌డీ-కంటెయినర్ ప్యాకేజీ కావాలి. మూడింట్లో అన్నిటికన్నా శుభ్రమైన గది ఇదే, కానీ శుభ్రతే దీనికి అడ్డు. హోస్టు డిస్కులు లోపల కనబడవు, /సిస్ రీడ్-ఓన్లీ. గ్రబ్-ఇన్‌స్టాల్ కుదరదు, గ్రబ్-ప్రోబ్ "కెనాట్ ఫైండ్ ఎ డివైస్ ఫర్ /" అంటుంది.  బూట్‌లోడర్‌తో సంబంధం లేని పనులకు మాత్రం బాగుంటుంది. -బీ పెట్టి లోపలి సిస్టమ్‌ను కంటెయినర్‌లా బూట్ చేసి ఏ సర్వీస్ చచ్చిపోతోందో చూడొచ్చు.

మిగతావి

రెడ్‌హ్యాట్ కుటుంబం వాడేవాళ్లకు ఇన్‌స్టాలర్‌లోని రెస్క్యూ మోడ్ ఉంది. అది ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చదివి /బూట్‌తో సహా అన్నీ మౌంట్ చేసి ఇస్తుంది, ఆ ఒక్క విషయంలో ఆర్చ్-సీహెచ్‌రూట్ కన్నా మేలు. వెర్షన్ 8 నుంచి /ఎంఎన్‌టీ/సిస్‌రూట్, 7లో /ఎంఎన్‌టీ/సిస్‌ఇమేజ్. లోపల పాస్‌వర్డ్ మారిస్తే టచ్ /.ఆటోరీలేబెల్ మరవకండి, లేకపోతే ఎస్‌ఈలైనక్స్ లాగిన్ కానివ్వదు. బూట్-రిపేర్ అనే గ్రాఫికల్ టూల్ ఒక్క బటన్‌తో పని చేస్తుంది, చేసిందేమిటో చూడటం కష్టం. కేవలం ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో తప్పు లైను వల్ల ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగితే సీహెచ్‌రూట్ జోలికే పోవద్దు. నానో /ఎంఎన్‌టీ/ఈటీసీ/ఎఫ్‌ఎస్‌ట్యాబ్ చాలు. సర్వీస్ ఆపాలంటే సిస్టమ్‌సీటీఎల్ --రూట్=/ఎంఎన్‌టీ డిసేబుల్.

ఎవరికి ఏది

విండోస్‌తో కలిపి ఉబుంటు వేసుకున్న లాప్‌టాప్‌కు, గ్రబ్ పోయినా కెర్నల్ సగంలో ఆగినా, ఆర్చ్-సీహెచ్‌రూట్, లోపల మౌంట్ -ఏ. నెట్ లేక స్క్రిప్టు దించుకోలేకపోతే చేత్తో మౌంట్లు, పై లైన్లు కాగితం మీద రాసి పెన్‌డ్రైవ్ కవర్‌లో పెట్టుకోండి. ల్యాబుల్లోని పాత బయాస్ డెస్క్‌టాప్‌లకు ఈఎఫ్‌ఐ గొడవ లేదు కాబట్టి ఈ రెండింట్లో ఏదైనా ఒకటే. యూఈఎఫ్‌ఐ మెషీన్లలో ఈ పద్ధతులన్నిటికీ ముందు చూడాల్సింది మాత్రం లైవ్ లేచిన తీరు. బూట్ మెనూలో ఒకే పెన్‌డ్రైవ్ రెండు పేర్లతో కనబడుతుంది, యూఈఎఫ్‌ఐ అని ఉన్నదాన్నే ఎంచండి. లేచాక ఎల్‌ఎస్ /సిస్/ఫర్మ్‌వేర్/ఈఎఫ్‌ఐ ఖాళీగా రాకూడదు. లెగసీలో (పాత బయాస్ పద్ధతిలో) లేస్తే గ్రబ్-ఇన్‌స్టాల్ "ఐ386-పీసీ/మాడ్‌ఇన్ఫో.ఎస్‌హెచ్ డజంట్ ఎగ్జిస్ట్" అంటుంది. అది చూసి గ్రబ్-పీసీ ప్యాకేజీ ఎక్కించకండి, రీబూట్ చేసి యూఈఎఫ్‌ఐలో రండి.

లోపల పని వరస ఇది: డీపీకేజీ --కాన్ఫిగర్ -ఏ, ఏపీటీ -ఎఫ్ ఇన్‌స్టాల్, అప్‌డేట్-ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ -యూ -కే ఆల్, గ్రబ్-ఇన్‌స్టాల్, అప్‌డేట్-గ్రబ్. గ్రబ్ 2.06 నుంచి ఓఎస్-ప్రోబర్ (విండోస్ లాంటి వేరే ఓఎస్‌లను వెతికే టూల్) డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. మెనూలో విండోస్ మాయమైతే /ఈటీసీ/డిఫాల్ట్/గ్రబ్‌లో గ్రబ్_డిసేబుల్_ఓఎస్_ప్రోబర్=ఫాల్స్ అని రాసి మళ్లీ అప్‌డేట్-గ్రబ్ కొట్టండి. యూఈఎఫ్‌ఐ బూట్ వరస చూపే ఈఎఫ్‌ఐబూట్‌ఎంజీఆర్‌లో బూట్‌ఆర్డర్ మొదట్లో ఉబుంటు ఉందో లేదో చూసుకుని ఎగ్జిట్, యూమౌంట్ -ఆర్ /ఎంఎన్‌టీ, రీబూట్.